నత్తి పోయిందని చెప్పాను

12 జూన్ 2003

కోడలు అర్ఫా ఈ రోజు భోజనాల దగ్గర ప్రకటించింది, నా మనవరాలు ఇల్మాకు నత్తి వస్తోందట. అర్ఫాకు ఏ సంగతీ మామూలుగా చెప్పడం చేతకాదు, అన్నీ ప్రకటనలే. ఏలూరు రోడ్డులో ఏదో ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం కదా, ఇంట్లో ఎవరు తుమ్మినా రిపోర్టు ఇస్తుంది.

ఇల్మాకు వచ్చే సెప్టెంబరుకు మూడేళ్ళు నిండుతాయి. ఉగాది ముందు దాకా గలగలా మాట్లాడింది. ఈ మధ్య నన్ను "దా దా దా దాదా" అని పిలుస్తోంది. చెప్పాలనుకున్నవి ఎక్కువై, నోరు చాలక పిల్లలు అలాగే అంటారు. ముప్ఫై ఒక్క సంవత్సరాలు మునిసిపల్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. ఎన్ని వందల నాలుకలు దిద్దానో నాకు తెలుసు. అది చెబితే అర్ఫా విని ఊరుకుంది. ఆ ఊరుకోవడంలో మర్యాద లేదు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఎవరో స్పీచ్ థెరపిస్టు ఉన్నాడట, చూపిస్తుందట. మాట్లాడ్డం నేర్పడానికి కూడా డాక్టర్లు వచ్చారు.

నా కొడుకు తౌఫీక్ ఏమీ అనలేదు. వాడు భోజనం దగ్గర మాట్లాడడు. అర్ఫా వాడి వైపు చాలాసేపు చూసింది. వాడు పెరుగు వేసుకున్నాడు.

15 జూన్

ఇల్మా ఈ రోజు పదకొండు సార్లు తడబడింది. పదకొండు పెద్ద అంకేమీ కాదు.

24 జూన్

వెళ్ళొచ్చాం. తౌఫీక్‌కు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో డ్యూటీ. ఆ మోసగాడెవడో నేనే చూస్తానని బయల్దేరాను.

పేరు హర్షవర్ధన్. ముప్ఫై కూడా ఉండవు. కళ్ళజోళ్ళ షాపు మీద మొదటి అంతస్తులో ఒక గది, నేల మీద చాప, చాప మీద బొమ్మలు. అతను పిల్లతో పాటు చాప మీదే కూర్చున్నాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. అరగంట సేపు చెక్క ఆవుకు గడ్డి పెట్టారు. ఇది వైద్యం.

తర్వాత అర్ఫాను అడిగాడు, ఎప్పుడు మొదలైంది, ఎలా మొదలైంది, పిల్ల కళ్ళు మూసుకుంటుందా, మాట ఆగిపోయినప్పుడు విసుక్కుంటుందా. ఆమె తేదీలతో సహా అప్పజెప్పింది. చివరికి కాగితం తిప్పి, కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అన్నాడు. ఉంటే, పెద్దయ్యాక పోయిందా, ఉండిపోయిందా. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదేనన్నాడు.

అర్ఫా కాస్త తటపటాయించింది. "మా ఆయనకు చిన్నప్పుడు ఉండేదట. ఇప్పుడు... ఆయన ఎక్కువ మాట్లాడరండి" అంది.

ఇలాంటి చోట నీళ్ళు నమలడం నాకు నచ్చదు. "పోయింది" అన్నాను. "పదకొండో ఏట. నేనే పోగొట్టాను."

"మీ వైపు ఇంకెవరికైనా ఉందా మాస్టారూ?"

"ఎవరికీ లేదు."

రాసుకున్నాడు. ఇంత చిన్నతనంలో మొదలైన నత్తి నలుగురిలో ముగ్గురికి దానంతటదే పోతుందనీ, ఆడపిల్లల్లో ఇంకా ఎక్కువగా పోతుందనీ, తండ్రికి కూడా పోయిందంటే అది మంచి సూచన అనీ చెప్పాడు. కాబట్టి ఇప్పుడే వైద్యం అక్కర్లేదు. నెలకోసారి ఫోన్ చేయాలి. మాట బిగుసుకుపోవడం మొదలైతే మాత్రం వెంటనే తీసుకురావాలి. ఈలోగా పిల్లను మళ్ళీ చెప్పమనకూడదు, నెమ్మదిగా చెప్పు అనకూడదు, ఆగిన మాటను మనం అందించకూడదు.

అంటే ఏమీ చేయకుండా ఉండటానికి బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళాం.

నేను చెప్పిందీ అదే కదా అని బస్సులో అర్ఫాతో అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

25 జూన్

మా నాన్న సంగతి అతనికెందుకు?

మా నాన్న కంకిపాడు సంతలో గాజులు అమ్మేవాడు. సరుకు పేరు అరిచి చెప్పలేని గాజులవాడు. మా అమ్మ పక్కన నిలబడి అరిచేది. బళ్ళో నన్ను నత్తి సాయిబు కొడుకనేవాళ్ళు. పద్యం అందుకుంటే ఊరంతా ఆగి వినేలా నేర్చుకున్నాను. తర్వాత ఎవరూ అనలేదు.

ఆయన 1971లో పోయాడు. పోయినవాళ్ళను కాగితాల మీదికి ఎక్కించక్కర్లేదు.

9 జూలై

ఏమీ చేయకుండా ఉండటం నాకు చేతకాదు. మధ్యాహ్నం అర్ఫా ల్యాబులో ఉంటుంది, నా భార్య ఆమినా నడుం వాలుస్తుంది. ఆ గంట నాది. ఇల్మాను ముందు గదిలో కూర్చోబెట్టి మాటలు చెప్పిస్తున్నాను. దీపం, దారం, దానిమ్మ. తడబడకుండా చెబితే ఒక ఖర్జూరం. తడబడితే మళ్ళీ మొదటి నుంచి.

కొట్టలేదు. గట్టిగా కూడా అనలేదు. మూడేళ్ళ పిల్లను ఎవరు కొడతారు?

ఈ రోజు నాలుగు ఖర్జూరాలు సంపాదించింది.

20 జూలై

మంచి గుణం కనిపిస్తోంది. రోజుకు పదకొండు సార్లు తడబడే పిల్ల నాలుగైదుసార్లకు దిగింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఫలితం వచ్చాక వాళ్ళే చూస్తారు. అర్ఫా ఆ కుర్రవాడికి ఫోన్ చేసి, కాస్త తగ్గినట్టుంది అని చెబుతుంటే విన్నాను. ఎవరి వల్ల తగ్గిందో ఆమెకు తెలియదు.

3 ఆగస్టు

తౌఫీక్‌కు కంట్రోలు రూములో పై పోస్టు ఇస్తామంటే వద్దన్నాడట. అందులో రోజంతా ఫోన్లో మాట్లాడుతూ ఉండాలట. వాడి స్నేహితుడు ఇశ్రాయేలు వచ్చి ఆమినాతో చెప్పి బాధపడ్డాడు, ఇది రెండోసారి అని. నాకేమీ బాధ లేదు. వాడికి ఆశ తక్కువ. ఈ కాలంలో అలాంటి వినయం ఎక్కడుంది?

ఇల్మాకూ మర్యాద అలవడుతోంది. ఇదివరకు నన్ను వీధిలోకి వినబడేలా పిలిచేది. ఇప్పుడు దగ్గరికి వచ్చి లుంగీ పట్టుకుని లాగుతుంది, కావలసింది వేలితో చూపిస్తుంది.

18 ఆగస్టు

మధ్యాహ్నం "దానిమ్మ" దగ్గర ఆగిపోయింది. తడబడలేదు, ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని కాలితో నేలను తన్నింది. మొదటి నుంచి చెప్పమన్నాను. రెండు చేతులతో నోరు మూసుకుంది. చేతులు తీయమన్నాను. తీయలేదు. నేనే తీశాను.

చూస్తే గుమ్మంలో ఆమినా ఉంది. ఎప్పుడు లేచిందో.

"వాడికి చేసినట్టే దీనికీ చేస్తున్నారా?" అంది.

నలభై రెండేళ్ళ కాపురంలో ఆమె నన్ను నిలదీసి అడిగిన ప్రశ్న ఇంకొకటి గుర్తులేదు.

19 ఆగస్టు

వాడికి నేనేం చేశాను? రాసి పెడతాను, రేపు ఇంకెవరో ఇంకోలా చెప్పకముందే.

1984. ఆరో తరగతి, బి సెక్షన్. తెలుగు క్లాసు నాది. నా కొడుకు నా క్లాసులోనే. ఊళ్ళోవాళ్ళ పిల్లలు గుక్క తిప్పుకోకుండా చదువుతుంటే పండితుడి కొడుకు మొదటి అక్షరం దగ్గరే నిలబడిపోయేవాడు. ఒకరోజు వాణ్ణి బెంచీ ఎక్కించి, పేరా పూర్తయ్యేదాకా దిగడానికి లేదన్నాను. స్కేలు వాడాను. ఆ రోజుల్లో అందరూ వాడేవారు. గంట కొట్టినా వదల్లేదు. తర్వాతి క్లాసు లెక్కల మాస్టారు వచ్చి వరండాలో నిలబడ్డారు. ఆయన్ని కాస్సేపు ఆగమన్నాను.

దానితో పోయింది. మర్నాటి నుంచి వాడు తడబడగా నేను వినలేదు.

వినలేదు. అది నిజం.

27 ఆగస్టు

ఆమినా కోడలికి చెప్పేసింది. మధ్యాహ్నాల సంగతి, ఖర్జూరాల సంగతి, అన్నీ.

అర్ఫా అరిచి ఉంటే బాగుండేది. పనిలోంచి వచ్చిన చీరతోనే నా ఎదుట నిలబడి, మెల్లగా, ల్యాబు నుంచి వచ్చిన అమ్మను కూడా పిల్ల మూడు రోజులుగా పిలవడం లేదని చెప్పింది. తగ్గిందనుకుని తను సంతోషించిందట. పిల్ల మాట్లాడ్డం తగ్గించిందని తెలుసుకోలేకపోయిందట. "మామా, దాన్ని ఇక ముందు మధ్యాహ్నం పూట మా అమ్మ దగ్గర వదిలి వెళ్తాను" అంది.

నా ఇంట్లో నా మనవరాలికి నా నుంచి రక్షణ.

ఇంతవరకూ అంటే సరిపోయేది. "ఆ రోజు ఆయనకు నత్తి పోయిందని అక్కడ చెప్పారు. నాలుగేళ్ళుగా ఆయనతో కాపురం చేస్తున్నాను. ఆయనకు పోయిందో లేదో మీకు తెలుసా?" అంది.

నా కొడుకు సంగతి నాకు తెలియదా? నేను కన్నవాణ్ణి. నాలుగేళ్ళ క్రితం వచ్చిన ఆడపిల్ల చెప్పాలా?

తౌఫీక్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ ఇదంతా విన్నాడు. నా వైపు ఉంటాడనుకున్నాను. అర్ఫాతో, శనివారం సెలవు పెడతానన్నాడు. అంత చిన్న మాటకు ఎంతసేపు పట్టిందో ఈసారి లెక్కపెట్టాను. లెక్కపెట్టకుండా ఉండాల్సింది.

30 ఆగస్టు

ఐదుగురం వెళ్ళాం. నన్ను ఎవరూ పిలవలేదు. నా గురించి నేను లేనిచోట మాట్లాడుకోవడం ఇష్టం లేక వెళ్ళాను.

ఇల్మా ఈసారి చెక్క ఆవు దగ్గరికి కూడా పోలేదు. వాళ్ళమ్మ ఒళ్ళో ముఖం దాచుకుంది. హర్షవర్ధన్ చూసి, ఏమీ అనకుండా పాత కాగితం తీశాడు. "తండ్రి, పదకొండో ఏట తగ్గిపోయింది" అని చదివి తౌఫీక్ వైపు తిరిగాడు. తొందరేం లేదు, మీరే చెప్పండి అన్నాడు.

తౌఫీక్ మెడ మీద నరం లేచింది. ఇరవై ఏళ్ళుగా నేను చూడని నరం.

"నా... నా... నాది పోలేదండి" అన్నాడు. ఆగాడు. "మా... మాట్లాడ్డం మానేశాను. అంతే."

హర్షవర్ధన్ మాట అందించలేదు, తల కూడా ఊపలేదు. అలా కూర్చున్నాడు. తౌఫీక్ చెబుతూ పోయాడు. కొట్టుకు వెళ్ళి వస్తువు చూపిస్తాడట, పేరు చెప్పడట. బస్సెక్కితే కండక్టరుకు ఇబ్రహీంపట్నం అనలేక సరిపడా చిల్లర చేతిలో పెడతాడట. రెండుసార్లు పై పోస్టు వద్దన్నది ఫోనుకు భయపడేనట.

నేను కళ్ళజోడు తుడుచుకున్నాను. అది మురికిగా లేదు.

హర్షవర్ధన్ నా వైపు తిరిగాడు. "మాస్టారూ, మీ వైపు పెద్దవాళ్ళలో ఎవరికీ లేదన్నారు."

"లేదు" అనబోయాను. ఆమినా నా వైపు చూడకుండానే అంది, "మీ అబ్బా సంగతి చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. అప్పుడు పిల్లాడి విషయంలో మీకు అడ్డం రాలేకపోయాను."

చెప్పాను. మా నాన్నకు ఉండేది. పోయేదాకా ఉంది.

అతను ముందు రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు. రెండు తరాల్లో నత్తి ఉండిపోయిందంటే ఎదురుచూసే లెక్క మారిపోతుందనీ, ఇది జూన్‌లోనే తెలిసి ఉంటే అప్పుడే మొదలుపెట్టేవాణ్ణనీ అన్నాడు. రెండు నెలలకే కొంప మునిగిందా అని అడిగాను. "చెప్పలేనండి. మునగకపోయి ఉండొచ్చు. మధ్యాహ్నం పాఠాల వల్ల మాత్రం పాప మాటంటేనే భయపడుతోంది. అవి ఇవాళ్టితో ఆపాలి" అన్నాడు. ఆ మాట తిట్టినట్టు అంటే జవాబు చెప్పేవాణ్ణి. మందు చీటీ చదివినట్టు అన్నాడు.

వైద్యం ఏమిటంటే, రోజూ పదిహేను నిమిషాలు ఇంట్లో ఎవరో ఒకరు పిల్లతో ఆడుతూ మాట్లాడాలి. సాఫీగా వచ్చిన మాటను మెచ్చుకోవాలి. రోజుకో అంకె వేయాలి, ఒకటి నుంచి పది దాకా. ఒకటి అంటే నత్తి లేనట్టు. వారానికోసారి ఇక్కడికి రావాలి. ఎవరు చేస్తారు అని అడిగితే అర్ఫా నోరు తెరిచింది.

"నే... నేను" అన్నాడు తౌఫీక్.

నత్తివాడు నత్తి ఎలా మాన్పుతాడని అడిగాను. హర్షవర్ధన్ వాడికే చెప్పాడు, మీ మాట తడబడినా ఫరవాలేదండి, పాపకు మీరు మాట్లాడ్డమే ముఖ్యం అని.

ఇంటికి వచ్చాక తౌఫీక్ నా గదికి వచ్చాడు. వాడు నా గదికి ఎన్నేళ్ళకు వచ్చాడో.

"ఆ ప... పదిహేను నిమిషాలు మీరు గదిలోకి రా... రావద్దు, అబ్బా."

7 సెప్టెంబరు

నా ఇల్లు. నేను కట్టించిన ఇల్లు. సాయంత్రం ఆరు నుంచి ఆరుంబావు దాకా మధ్యగది తలుపు మూసుకుంటుంది.

నాకు వినాలని లేదు. పేపరు చదువుకుంటున్నాను.

11 సెప్టెంబరు

7, 8, 7, 7. బియ్యం డబ్బా మూతకు కాగితం అంటించి అర్ఫా రాస్తోంది. ఇదా వైద్యం?

23 సెప్టెంబరు

తలుపు అవతల ఎవరో మగమనిషి నవ్వాడు. ఎవరొచ్చారని ఆమినాను అడిగాను. ఎవరూ రాలేదంది.

2 అక్టోబరు

వీధిలో మాణిక్యమ్మగారు పలకరించింది, మీ తౌఫీక్ ఈ మధ్య పాపను ఎత్తుకుని కాలవగట్టు మీద కబుర్లు చెబుతూ కనిపిస్తున్నాడు, వాడి గొంతు ఇలా ఉంటుందని ఇప్పుడే తెలిసింది అంది. ఆరోగ్యం ఎలా ఉందని ఆమెను అడిగాను.

5 నవంబరు

రంజాన్ నెల. 5, 6, 8. ఎనిమిదికి నేను కారణం కాదు. నేను పిల్లతో మాట్లాడటమే మానేశాను. అదే సంగతి ఆమినాతో అంటే, "మానేయమని ఎవరన్నారు? పరీక్షలు పెట్టొద్దన్నారు" అంది.

వీళ్ళు అన్నీ సులువుగా చెప్పేస్తారు. పరీక్ష పెట్టకుండా పిల్లతో ఏం మాట్లాడతారు? నాకు తెలియదు. ఇది వెటకారానికి రాయలేదు.

19 డిసెంబరు

3, 2, 3, 2.

పొద్దున ఇల్మా నా పక్కన కూర్చుని, గోడమీద పిల్లి గురించి ఏదో చెప్పింది. మధ్యలో ఒకచోట ఆగింది. నేను పిల్లినే చూస్తూ కూర్చున్నాను. తనే దాటుకుని వెళ్ళిపోయింది. చెప్పి లేచి వెళ్ళింది. నేను బాగా చేశానని ఎవరూ అనలేదు. అనక్కర్లేదు.

23 జనవరి 2004

హర్షవర్ధన్ ఇక నెలకోసారి వస్తే చాలన్నాడట. మూడు వారాలుగా ఒకట్లే, మధ్యలో రెండో మూడో రెళ్ళు. మళ్ళీ తిరగబెట్టవచ్చనీ, ఏడాది పాటు కనిపెట్టి ఉండాలనీ కూడా అన్నాడట. అతని మీద నాకు గౌరవం కలగలేదు. అయితే అబద్ధం చెప్పే మనిషి కాడు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

అర్ఫా ల్యాబుకు సెలవు పెట్టింది. జుమ్మా నమాజు నుంచి వచ్చాక అందరం భోజనానికి కూర్చున్నాం. ఇల్మా వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో ఉంది. ఆమినా కంచాలు పెట్టింది. అన్నం ఇంకా వడ్డించలేదు. కాస్త ఆగు అమ్మీ అన్నాడు తౌఫీక్.

ఆ రోజు సంగతి చెప్పాడు. బెంచీ సంగతి.

నేను ఆగస్టులో రాసుకున్నది మళ్ళీ చదివి చూశాను. వాడు చెప్పినదాంట్లో నేను అందులో రాయనిది ఒకటి ఉంది. వాడు మాట దగ్గర ఆగినప్పుడల్లా క్లాసు మొత్తం చేత ఆ మాట అనిపించాను. నలభై ముగ్గురు పిల్లలు ఒక్క గొంతుతో. పేరా పూర్తయ్యేదాకా. ఆ తర్వాత ఏడాది పాటు వీధిలో వాడు నోరు తెరిస్తే చాలు, పిల్లలు గుంపుగా ఆ మాట అనేవాళ్ళట. అది నాకు తెలియదు. తెలుసుకోలేదు.

తర్వాత, ఇల్మా పుట్టిన రోజు గురించి చెప్పాడు. బిడ్డ చెవిలో అజాన్ తండ్రి చెప్పాలి. ఆసుపత్రిలో బిడ్డను చేతికిస్తే వాడు తెచ్చి నాకిచ్చాడు. నా గొంతు బాగుంటుందని ఇచ్చాడనుకున్నాను. గర్వంగా చెప్పాను కూడా. మధ్యలో ఆగిపోతే బిడ్డకు ఏమవుతుందో అని భయపడి ఇచ్చాడట. ఆ రోజు మెట్ల మీద కూర్చుని ఏడ్చాడట.

ఇంకొకరైతే పది నిమిషాల్లో చెప్పేవారు. వాడికి ముప్పావుగంట పట్టింది. పప్పు చల్లారిపోయింది. ఆమినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అర్ఫా నేల వైపు చూస్తూ కూర్చుంది. ఎవరూ ఒక్క మాట అందించలేదు.

నా దగ్గర జవాబులున్నాయి. ఆ కాలం అలాంటిది. నన్ను కూడా ఎన్ని అన్నారో నీకు తెలియదు. నీ మంచికే. ఒక్కొక్కటీ నాలుక మీదికి వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు క్లాసులో ఎవరికీ పూర్తిగా చెప్పే అవకాశం ఇవ్వని నోరు ఇది. మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఈ రోజు తెలిసింది.

చివరికి వాడు నా కళ్ళలోకి చూశాడు.

"మిమ్మల్ని నేను క్ష... క్ష..."

ఆగిపోయాడు. మెడ మీద నరం లేచింది. పెదవులు బిగుసుకుపోయాయి.

మాట ఏదో నాకు తెలుసు. అది ఎటు తిరుగుతుందో తెలియదు. ఒకవైపు తిప్పి నేనే అందించవచ్చు. అందరూ అన్నం తినవచ్చు. చిన్నప్పటి నుంచీ వాడికి ఏ మాట కావాలో వాడి కంటే ముందు నాకే తెలిసేది.

నేను అందించలేదు. ఆగాను. ఎంతసేపో తెలియదు, ఈసారి లెక్కపెట్టలేదు.

"క్షమించలేదు, అబ్బా" అన్నాడు.

పూర్తిగా చెప్పాడు. నేను పూర్తిగా విన్నాను.

ఆమినా లేచి పప్పు వేడిచేసి తెచ్చింది. నలుగురం తిన్నాం.